ఏడు గంటల రిపోర్టు

పెళ్ళయిన ఇరవై మూడో ఏట సోమయాజులుగారు బాగుపడ్డారు.

బాగుపడ్డారంటే అంతకుముందు చెడిపోయి ఉన్నారని కాదు. తాగుడు లేదు, పేకాట లేదు, గొంతు పెంచి మాట్లాడటం కూడా లేదు. యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెబుతారు. సాయంత్రం క్యాంపస్ నుంచి తార్నాకలోని ఫ్లాటుకి వస్తారు, చెప్పులు విడుస్తారు, పేపరు చదువుతారు, కంచంలో ఉన్నది తింటారు. ఉన్నదేమిటని అడిగితే మాత్రం చెప్పలేరు. ఒకసారి వేదవతి కావాలనే దొండకాయ వేపుడు వడ్డించి, "బెండకాయ ఎలా ఉందండీ?" అంది. "లేతగా ఉంది" అన్నారు.

అలాంటి మనిషి, కొడుకు శశిభూషణ్ ఇంజనీరింగుకి వరంగల్ హాస్టల్‌కి వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి, మెల్లగా మారడం మొదలుపెట్టారు. ఎవరూ పోరకుండానే గురక సంగతి చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. వేదవతి మోకాలు పట్టేస్తోందని నోరు తెరిచి అనకముందే బాత్రూములో పట్టుకోవడానికి స్టీలు రాడ్డు బిగింపించారు. ఆవిడకి చిరాకు పుట్టించే ఆ పాత ఆకుపచ్చ కర్టెన్లు ఒక ఆదివారం ఉన్నట్టుండి మాయమయ్యాయి. ఇవన్నీ ఒకెత్తు, మధ్యాహ్నం ఒంటిగంటకి డిపార్ట్‌మెంటు నుంచి ఫోను చేసి "తిన్నావా?" అనడం ఒకెత్తు. మొదటిసారి ఆ ఫోను వచ్చినప్పుడు ఎవరో పోయారనుకుని వేదవతి కుర్చీలో కూలబడింది.

తరవాత అలవాటైంది. అలవాటయ్యాక బాగుంది కూడా. చెప్పకుండానే కనిపెట్టే మొగుడు ఎన్ని ఇళ్ళల్లో ఉంటాడు?

ఈ మాటే స్నేహలతకి రాసింది. స్నేహలత, వేదవతి డిగ్రీలో ఒకే బెంచీ. ఇప్పుడు స్నేహలత ఉండేది విశాఖపట్నంలో. భోజనాలయ్యాక ఇద్దరూ చెరో ఊళ్ళో కంప్యూటర్ ముందు కూర్చుని, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూ గంటసేపు చాట్ చేసుకునేవారు. ఫోన్లో మాట్లాడుకోవచ్చు కదా అంటే, ఫోన్లో మాట్లాడే ఆడవాళ్ళని లోకం ఖాళీగా ఉన్నారనుకుంటుంది. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఏదో పని చేస్తున్నారనుకుంటుంది.

"మా కాపురం ఇన్నాళ్ళకి ఊరిందే" అని రాసింది వేదవతి.

"మా ఆయనింకా ముక్క గట్టిగానే ఉన్నాడు. జాడీ కదిపి చూస్తాలే" అని జవాబొచ్చింది.

రెండేళ్ళు ఇలా గడిచాక జూన్‌లో క్యాంపస్‌లో ఉద్యోగుల కుటుంబాలకి ఒక పూట క్లాసు పెట్టారు. ఇంటి కంప్యూటర్‌కి తీసుకోవలసిన జాగ్రత్తలట. వేదవతికి వెళ్ళే ఉద్దేశం లేదు. ఎదురు ఫ్లాటు రమాదేవి వదల్లేదు. రమాదేవిది కడప. భర్త రామాంజనేయులు యూనివర్సిటీ అకౌంట్స్‌లో పనిచేస్తాడు.

"రాక్కా, ఊరికే కూర్చోని ఏం చేస్తావు? టిఫిను గూడా పెడతారంట."

"ఏం టిఫినో కనుక్కున్నావా?"

"ఉగ్గాని అయితే కాదులే. ఆ ఆశ ల్యా. సమోసా ఉంటాదేమో."

సమోసానే. అది చేత్తో పట్టుకుని ఇద్దరూ వెనక వరసలో కూర్చున్నారు. క్లాసు చెప్పింది అమల అని కంప్యూటర్ డిపార్ట్‌మెంటు లెక్చరర్. సన్నగా, గట్టిగా, చేతులు తిప్పుతూ చెప్పింది.

"వైరస్ అంటే ఇల్లు తగలబెట్టెటోడు మేడం. వాడు కనబడతడు. స్పైవేర్ అట్ల కాదు. మీ ఇల్లు మంచిగ నడవాలనే అది కోరుకుంటది. మీరు రోజూ వచ్చి కూసోవాలె, టైప్ చేయాలె, అది చూడాలె. కంప్యూటరే ఖరాబైతే దానికి పనేమున్నది?"

"మా అత్త మాదిరే ఉండాదక్కా" అని రమాదేవి చెవిలో గొణిగింది. "మనం సల్లగుండాలనే అంటాది. మనం ఎవరితో ఏం మాట్లాడినామో మాత్రం రాత్రికల్లా మామకి చేరిపోతాది."

వేదవతి సమోసా అడ్డం పెట్టుకుని నవ్వింది.

అది ఎలా వస్తుందో అమల చెప్పుకుపోయింది. ఉత్తపుణ్యానికి దొరికిన సాఫ్ట్‌వేర్ వెనకాల తోకలా వస్తుంది. మీ కంప్యూటర్లో వైరస్ ఉంది, ఇక్కడ నొక్కండి అన్న చోట నొక్కితే వస్తుంది. ఎవరిదో పెన్‌డ్రైవ్ గుచ్చితే వస్తుంది.

"ఇంకోటున్నది. ఇంట్లోల్లు పెట్టేది. మొగని మీద పెండ్లాం, పెండ్లాం మీద మొగడు, పిల్లల మీద ఇద్దరూ."

గది కొంచెం సద్దుమణిగింది. రమాదేవి, వేదవతి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"యాంటీవైరస్ ఉన్నది గదా మేడం, పట్టుకోదా?" అని ముందు వరసలో ఎవరో అడిగారు.

"పట్టుకుంటది. అందుకే ఇంట్లోల్లు దానికి ముందే చెప్పి పెడతరు, దీన్ని ఏమనకు అని. ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటయ్, మినహాయింపులన్నట్టు. కాపలాకు కుక్కను తెచ్చుకున్నరు, ఫలానా మనిషిని కరవకు అని చెప్పిన్రు. ఇంటికి పోయినంక ముందు గాడ చూడుండ్రి. ఉంటే మాత్రం ఎమ్మటే తీసెయ్యకుండ్రి. తీసేస్తే పెట్టినోల్లకు తెలుస్తది. ఇంట్ల భయం ఉన్నోల్లు ముందుగాల బయట ఒక్కరికి చెప్పుకోవాలె. పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్ల మార్చకుండ్రి, వేరే ఫోన్ల మార్చుండ్రి. అండ్లనే మార్చితే కొత్త తాళంచెవి గూడ తీస్కపోయి దాని చేతిల పెట్టినట్టే."

తిరుగుదారిలో రమాదేవి తన అత్తగారి కథ మరికొంత చెప్పింది. వేదవతి ఊఁ కొడుతూ వచ్చింది.

ఇల్లు చేరాక చెయ్యి కడుక్కుని కంప్యూటర్ తెరిచింది. యాంటీవైరస్ అంటే ఆవిడకి అంతవరకూ తెర మూల కనబడే చిన్న డాలు బొమ్మ. దేవుడి పటంలా అలా ఉండనిచ్చేది గానీ తెరిచి చూడలేదు. అమల చెప్పిన దారిలో నొక్కుకుంటూ వెళ్తే మినహాయింపులు వచ్చాయి. ఒకటే ఉంది. పేరు 'హెల్పర్'.

ఆ పేరు చూడగానే అంతా గుర్తొచ్చింది. శశి ఇంటర్లో ఉన్నప్పటి సంగతి. ఆ ఏడు ఎంట్రన్స్ రాసే పిల్లలున్న ఏ ఇంట్లోనూ మనుషులు మనుషుల్లా లేరు. ఆన్‌లైన్ టెస్టు రాస్తున్నానని శశి తలుపు వేసుకునేవాడు, లోపల్నుంచి క్రికెట్ కామెంటరీ వినబడేది. అప్పుడు రామాంజనేయులు ఈ ఉపాయం చెప్పాడు. తమ కొడుకు కిరణ్ కోసం వాళ్ళు అప్పటికే పెట్టుకున్నారు. పిల్లాడు ఏం టైపు చేసినా రాసుకుంటుంది, మధ్యమధ్య తెరని ఫోటో తీస్తుంది, సాయంత్రం ఏడింటికల్లా అంతా మూటకట్టి తండ్రి మెయిల్‌కి పంపుతుంది. సోమయాజులుగారు సందేహించారు. "పెట్టేయండి, వాడి భవిష్యత్తు కన్నా ఎక్కువా?" అన్నది వేదవతే. ఇద్దరూ పీటల మీద కూర్చున్నట్టు పక్కపక్కన కూర్చుని ఎక్కించారు. శశికి రావాలని కోరుకున్న ర్యాంకునే పాస్‌వర్డుగా పెట్టారు. వాడికా ర్యాంకు రాలేదు గనక పాస్‌వర్డ్ ఎవరి నోటా పడే ప్రమాదం లేకపోయింది.

పరీక్షలయ్యాక "ఇంక అది తీసేయండి" అంది. "ఆఁ" అన్నారు. ఆయన ఆఁ అంటే విన్నట్టు కాదు, చెవిలో ఏదో శబ్దం పడినట్టు. అది అప్పట్లో తట్టలేదు.

ఇప్పుడా ర్యాంకు కొట్టింది. తలుపు తెరుచుకుంది. చివరి రిపోర్టు: నిన్న, సాయంత్రం ఏడు గంటలు.

తెరిచింది. నిన్న స్నేహలతకి తను రాసిన ప్రతి మాటా ఉంది. స్నేహలత రాసింది కూడా ఉంది, ఫోటోలో. రాసి చెరిపేసింది సైతం ఉంది. చెరిపిన చోటల్లా ఒక చిన్న బాణం గుర్తు. ఆ బాణాలకి ముందు మాటలు అలాగే నిలబడి ఉన్నాయి.

వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళింది. గురక గురించి మౌలాలి గూడ్సు బండితో పోల్చి రాసింది ఒక సోమవారం. డాక్టరు దగ్గరికి ఆయన వెళ్ళింది ఆ వారంలోనే. మోకాలు. రాడ్డు. కర్టెన్లు. అన్నీ వరసగా దొరికాయి, పరీక్ష అయ్యాక చూసుకునే జవాబుల్లాగా. ఒంటిగంట ఫోను మొదలైన రోజు బాగా గుర్తుంది, శశి పుట్టినరోజు మర్నాడు. దానికి ముందు రోజు రిపోర్టు తెరిచింది.

'నేను ఈ ఇంట్లో చచ్చిపడున్నా సాయంత్రం ఆకలేసేదాకా ఎవరికీ తెలియదే.'

దాని పక్కన బాణాలు, చాలా. ఆ తరవాత, 'శశికి పాయసం చేశాను, వాడు లేడు, నేనే తిన్నా.' స్నేహలతకి వెళ్ళింది ఈ రెండోదే. మొదటిది ఎవరికీ పంపలేదు. తన వేళ్ళకీ, తనకీ తప్ప దాని సంగతి ఇంకెవరికీ తెలియదనుకుంది.

కోపం వస్తుందేమోనని కాసేపు కూర్చుంది. రాలేదు. ఏడుపు వస్తుందేమోనని ఇంకాసేపు కూర్చుంది. అదీ రాలేదు. చేతి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యి పక్కవాళ్ళదిలా ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉంది. కుక్కర్లో బియ్యం పోసింది. నీళ్ళు పోసిందో లేదో గుర్తులేక మళ్ళీ మూత తీసి చూసింది. పోసింది.

తీసేయడమెలాగో పొద్దున క్లాసులోనే నేర్చుకుంది. అది సమస్య కాదు. తీసేస్తే రేపట్నుంచి ఏం మిగులుతుందన్నది సమస్య. రెండేళ్ళుగా తనని కనిపెట్టి చూసుకున్న మనిషి ఈయనా, ఆ హెల్పరా? దాన్ని పీకేస్తే దాంతోపాటు ఈయన కూడా పోతే? మళ్ళీ దొండకాయా, బెండకాయా?

సోమయాజులుగారు వచ్చారు. చేతిలో పొట్లం. "మెట్టుగూడ దాకా పనుండి వెళ్ళాను. వేడిగా వేస్తున్నాడు" అని మిరపకాయ బజ్జీలు బల్ల మీద పెట్టారు. నిన్న మధ్యాహ్నం వర్షం చూసి బజ్జీల మాట స్నేహలతకి రాసింది వేదవతి. ఒకటి తీసి కొరికింది. కారంగా ఉందని తెలుస్తోంది గానీ నోరు మండలేదు.

మర్నాడు స్నేహలత లేని వేళ చూసి చాట్ తెరిచి, 'పనసపొట్టు కూర తిని ఎన్నాళ్ళయిందో' అని కొట్టి, పంపకుండా చెరిపేసింది. ఆ మర్నాటి సాయంత్రం ఆయన లాలాపేట్ మార్కెట్ నుంచి పనసపొట్టు తెచ్చారు.

"దారిలో కనబడింది" అన్నారు.

క్యాంపస్ నుంచి ఇంటికి వచ్చే దారిలో లాలాపేట్ లేదు. ఆవపెట్టి వండింది. ఆయన రెండుసార్లు వడ్డించుకుని, "ఎన్నాళ్ళయిందో" అన్నారు. అవే మాటలు. వేదవతి కంచంలోకి చూస్తూ తిన్నది.

ఆ తరవాత ఒక కొంటె పని చేసింది. 'ఈయనకి మీసముంటే బాగుండేది' అని కొట్టి, చెరిపేసింది. వారం తిరగకుండా సోమయాజులుగారి పై పెదవి మీద నెరిసిన గడ్డి మొలిచింది. పాతికేళ్ళుగా నున్నగా ఉన్న మొహం మీద అది, ఎవరో పెట్టి మరిచిపోయిన పళ్ళు తోముకునే బ్రష్షులా ఉంది.

రమాదేవి తలుపు దగ్గరే పట్టుకుంది. "ఏమక్కా, సారు మీసం పెంచతాండాడు? క్యాంపస్‌లో కొత్త స్టూడెంట్లు ఎవరన్నా చేరినారా?"

"చేరారేమో. కనుక్కుని చెప్తాలే."

"నవ్వవేంది అక్కా? నేనైతే పడీపడీ నవ్వుంటి."

నిజమే. వేరే రోజైతే ఈ మీసం మీద స్నేహలతకి ఒక గంట రాసేది. రాయడానికి కూర్చుంది కూడా. వేళ్ళు అక్షరాల మీద పెట్టి, తీసేసింది. పదిరోజులుగా స్నేహలతతో వాతావరణం, కూరల ధరలు తప్ప ఇంకేం రాయలేదని అప్పుడు తెలిసింది. ఆయన కోసం రాస్తోంది. స్నేహలతకి రాయడం మానేసింది.

స్నేహలతే ఫోను చేసింది. వేదవతి క్యాంపస్ రోడ్డు మీద పొద్దుటి నడకలో ఉంది. ఎప్పటిలాగే ఇద్దరు ముగ్గురు రిటైరైనవాళ్ళు, నాలుగు కుక్కలు, పరీక్షలకి చదివే పిల్లలు చెట్ల కింద.

"ఏమే, వార్తలు చదివేవాళ్ళలా తయారయ్యావు? ఇవాళ జల్లులు పడే అవకాశం అని రాస్తావేమిటి నాకు?"

వేదవతి ఒక రాతి బల్ల మీద కూర్చుని అంతా చెప్పింది. ఎవరిదో కథ చెబుతున్నట్టే చెప్పింది.

"వేదా, ఆ మధ్య మనం కలిసిన విజయవాడ పెళ్ళిలో మీ ఆయన నన్ను ఏమడిగాడో తెలుసా?"

"ఏమడిగారు?"

"ఆ గడ్డ పరీక్షలో ఏమీ లేదని తేలిందటగా అమ్మా, సంతోషం, అన్నాడు. మా కోడలి ముందు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను. నీకొక్కదానికే రాశాను."

"మరి నన్ను అడగలేదేం?"

"ఏమని అడగను? నువ్వు చెప్పావనుకున్నాను. మొగుడూ పెళ్ళాలు అన్నాక అనుకుంటారులే అని సరిపెట్టుకున్నాను. నెలరోజులు నీకు ముక్తసరిగా రాశాను, నువ్వు గమనించావో లేదో."

గమనించింది. ఆరోగ్యం బాగాలేక అనుకుంది.

"నేను చెప్పలేదే" అంది వేదవతి.

"ఇప్పుడు తెలిసిందిగా. నీకు చెప్పాననుకున్నానే ఇన్నాళ్ళూ, మీ ఇద్దరికీ చెప్పానన్నమాట." అంది స్నేహలత. "అది ఉన్నంతకాలం నాకేం రాయకు. జల్లుల సంగతి కూడా వద్దు."

ఫోను పెట్టేసింది. ఇంటికి వచ్చేదారంతా వేదవతి ఏమీ ఆలోచించలేదు. మెట్రో రైలు తల మీదుగా వెళ్ళింది. తార్నాక సిగ్నల్ దగ్గర ఆటోవాడు తిట్టాడు, ఎవర్నో మరి.

ఆదివారం కాఫీ అయ్యాక కంప్యూటర్ ముందు రెండు కుర్చీలు వేసింది.

"ఏమండీ, ఒకసారి ఇలా వచ్చి కూర్చోండి."

సోమయాజులుగారు పేపరుతోనే వచ్చి కూర్చున్నారు. తెర మీద హెల్పర్ పాస్‌వర్డ్ అడుగుతోంది.

"శశి ర్యాంకు కొట్టండి" అంది. "వచ్చింది కాదు. మనం అనుకున్నది."

ఆయన తెర వంక చూశారు. పేపరు మడిచారు. మడిచినదాన్ని మళ్ళీ మడిచారు.

"ఎప్పుడు తెలిసింది?"

"పనసపొట్టుకి ముందు."

ఆయన చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్ళింది. "అంటే ఇది...?"

"అవును. తీసేయొచ్చు."

ఆయన చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మొదట శశిదే అనుకుని తెరిచాను. వాడు హాస్టల్‌కి వెళ్ళిపోయాడన్నది అలవాటు కాక. చూస్తే నువ్వు."

"మూసేయొచ్చుగా."

"మూశాను. మర్నాడు మళ్ళీ వచ్చింది." తెర వంక చూస్తూ అన్నారు, "నువ్వింత మాట్లాడతావని నాకు తెలియదు వేదా. నాతో గ్యాసు, పాలు, కరెంటు బిల్లు. దాంట్లో నవ్విస్తావు నువ్వు. ఆ బెండకాయ సంగతి చదివి డిపార్ట్‌మెంట్లో తలుపేసుకుని నవ్వాను. ఏడెప్పుడవుతుందా అని చూసేవాణ్ణి."

"చెరిపేసినవి కూడా చదివారు."

ఆయన మడిచిన పేపరు అంచుని గోటితో గీశారు.

"ఆ చచ్చిపడున్నా అన్న మాట నేను స్నేహలతకి కూడా పంపలేదు."

"అది చదివాక ఏం చేయమంటావు మరి? ఊరుకోమంటావా?"

"అడగమంటాను."

"ఏమని అడగను? మీకెలా తెలిసిందంటావు కదా."

తర్కంలో వంక పెట్టడానికి లేదు. ఎంతైనా ప్రొఫెసరు. వేదవతి తన లోపల ఎక్కడైనా ఏదైనా కదులుతుందేమోనని వెతికింది. దొరకలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసింది, సబ్బు అయిపోవచ్చిందని చూసినట్టు.

"స్నేహలతని పెళ్ళిలో అడిగారటగా, గడ్డ గురించి."

"అడిగాను. పాపం అనిపించింది."

"ఆవిడ నేను చెప్పాననుకుంది. ఇంక నాకేం చెప్పదు."

ఇది మాత్రం ఆయనకి ఎక్కడో తగిలింది. ర్యాంకు కొట్టారు. తీసేయి అన్నచోట నొక్కారు. నిజంగా తీసేయాలా అని అది అడిగింది. ఆయన వేదవతి వంక చూశారు.

"అడుగుతోంది."

"మిమ్మల్నే."

నొక్కారు. మినహాయింపు కూడా ఆయన చేతే తీయించి, అమల చెప్పినట్టు కంప్యూటర్ మొత్తం వెతకమని యాంటీవైరస్‌ని వదిలింది వేదవతి. అది భోజనాల వేళదాకా వెతికి, హెల్పర్‌వి మిగిలిన ముక్కలతోపాటు ఇంకోదాన్ని కూడా పట్టుకుంది. ఇదెవరూ పెట్టింది కాదు. సోమయాజులుగారు వ్యాసాలు పీడీఎఫ్ లోకి మార్చుకోవడానికి ఎక్కడో ఉచితంగా దొరికిన ప్రోగ్రామ్ దించుకున్నారట, దాని తోక పట్టుకు వచ్చింది. ఆయన నెట్‌లో ఎక్కడెక్కడ తిరిగారో అంతా ఎవరికో పంపుతోంది.

"నన్ను మీరు చదువుతుంటే మిమ్మల్ని ఇంకెవరో చదువుతున్నారన్నమాట" అంది వేదవతి.

"ఎవరు?" అన్నారు ఆయన కంగారుగా.

"తెలియదు. ద్రవ్యోల్బణం మీద మీ వ్యాసాలే కదా. ఈపాటికి నిద్రపోయుంటారు."

ఆయన నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక ఆగిపోయారు.

ఇంక సగం పనులు వద్దనుకుంది. శశి ఫోటోలు, ఆయన పాఠాలు వేరే డిస్కులోకి ఎత్తి, మిగతాదంతా చెరిపేసి కంప్యూటర్‌ని కొత్తదాన్ని చేసే దారి పట్టించింది. అది తనను తాను కడుక్కుంటూ సాయంత్రం దాకా తెర మీద చుక్కలు తిప్పింది. ఆలోపు తన మెయిల్ పాస్‌వర్డ్ ఫోన్లో మార్చింది. తెలియని చోట్లేమైనా తెరిచి ఉంటే మూసుకుపోయేలా అన్నిచోట్లా లాగౌట్ కొట్టింది. కంప్యూటర్ లేచాక దానికి యజమానిగా తన పేరు పెట్టుకుంది. ఆయనకి మామూలు అకౌంటు తెరిచింది. ఏదైనా కొత్తది ఎక్కించాలంటే ఇకమీదట ఆవిడని పిలవాలి.

"పాస్‌వర్డ్ ఏం పెట్టావు?" అన్నారు ఆయన అలవాటుగా.

వేదవతి తలెత్తి చూసింది.

"ఊరికే అడిగాను" అని పేపరు విప్పుకున్నారు.

ఏడైంది. ఆయన ఫోను తీసి చూసి, కింద పెట్టి, మళ్ళీ తీసి చూశారు. రోజూ చూసే సీరియల్ ఇవాళ లేదని తెలిసినవాళ్ళలా కాసేపు హాల్లో అటూ ఇటూ తిరిగి వెళ్ళి పడుకున్నారు.

సోమవారం స్నేహలతకి ఫోను చేసి, తీసేశామని చెప్పింది. "మంచిదే" అంది స్నేహలత. "కొన్నాళ్ళు ఇలా ఫోన్లో మాట్లాడుకుందాంలే. నాకు రాయాలంటే ఇప్పుడు చేతులు రావటం లేదు." తరవాత తన కోడలు చేసిన సాంబారు గురించి చెప్పింది. మంచి సాంబారేనట. ఇదివరకైతే స్నేహలత ఆ సాంబారుని బతకనిచ్చేది కాదు.

ఆ రోజు ఒంటిగంటకి ఫోను రాలేదు. మంగళవారం రాలేదు. వేదవతి ఎదురు చూడలేదు గానీ, రాకపోవడాన్ని మాత్రం గమనించింది. రమాదేవి గిన్నెలో ఏదో పట్టుకొచ్చి, "కిరణ్‌కి పెట్టింది మేము క్లాసు అయిన పొద్దే తీసేసినాము అక్కా. మా ఆయనకి చదివే ఓపిక యాడిది? నేను ఎదురుగా నిలబడి చెప్తేనే వినడు" అని వెళ్ళింది. అదృష్టవంతురాలని వేదవతి అనుకుంది. తనకే ఆశ్చర్యమేసింది అలా అనుకున్నందుకు.

ఆ సాయంత్రం సోమయాజులుగారే ఆ మాట ఎత్తారు. మీసం తీసేశారు. పెదవి పైన తెల్లగా, కట్టు విప్పిన చోటులా ఉంది.

"ఫోను చేద్దామనే తీశాను. ఏమని చేయాలో తెలియలేదు. అదివరకు చదివి చేసేవాణ్ణి కదా."

"ఊఁ" అంది.

రెండు రోజులు ఇల్లు అలాగే, ఎవరో అద్దెకిచ్చి వెళ్ళిన ఇల్లులా నడిచింది. ఆయన కంచంలో ఉన్నది తిన్నారు. ఒకసారి మాత్రం ముద్ద ఎత్తి, దాన్ని పట్టి చూసి, "ఇది సొరకాయ" అన్నారు. సొరకాయే.

గురువారం ఆయన కాస్త ఆలస్యంగా వచ్చారు. భుజాన క్యాంపస్ సంచి, చేతిలో తెల్లటి బడితెలాంటిది. పసిపిల్లాడిని ఎత్తుకున్నట్టు జాగ్రత్తగా పట్టుకున్నారు. అరటి బోదె లోపలి దవ్వ, మూరెడు పొడుగున్నది.

వేదవతి వంటింటి గుమ్మంలో నిలబడి దానివంక చూసింది. "ఇదెందుకు?"

"నీకిష్టమేమోనని."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే అనుకున్నాను." ఆయన మొహంలో పరీక్ష హాల్లో కూర్చున్న కుర్రాడి బెరుకు. "మార్కెట్లో అంతా ఒకసారి తిరిగాను. ఏం తీసుకోవాలో తెలియలేదు. ఇది తెల్లగా బాగుందనిపించింది. ఇష్టమేనా?"

వేదవతికి అరటి దవ్వంటే ఇష్టం లేదు. పుట్టింట్లో తద్దినాలకి చేసేవారు. చక్రాల్లా తరగాలి, తరిగిన ప్రతి చక్రం నుంచి సాలెగూడులాంటి పీచు వేలికి చుట్టి లాగాలి, నల్లబడకుండా మజ్జిగలో వేయాలి. ఇంతా చేస్తే కూర ఇంతే అవుతుంది. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా వండలేదు. ఈ సంగతి స్నేహలతకి ఎప్పుడూ రాయలేదు, రావలసిన సందర్భం రాలేదు.

"కాదు" అంది. "నాకు అస్సలు నచ్చదు."

"ఓహో." ఆయన దవ్వవంక చూశారు. "మరి తిరిగి ఇచ్చేస్తాను."

"కూరగాయలవాడు తిరిగి తీసుకుంటాడా ఎక్కడైనా?"

"తీసుకోడా?"

"తీసుకోడు."

ఇద్దరూ గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. వేదవతి ఆయన మొహంలోకి చూసింది. ఈ మనిషికి తనేమిటో బొత్తిగా తెలియదు. తెలియక, తెలియని మార్కెట్లో తిరిగి, ఉన్నవాటిల్లోకెల్లా పనికిరానిదాన్ని ఏరి తెచ్చాడు. ఇది ఎవరూ అందించింది కాదు. సంతోషం వస్తుందేమోనని చూసింది. రాలేదు. కోపమూ లేదు. ఆ దవ్వ ఎంత బరువుందో చేతిలోకి తీసుకుని చూడాలనిపించింది, అంతే. తీసుకుంది. బరువుగానే ఉంది.

"మరి నీకేం ఇష్టం?" అని అడిగారు ఆయన.

వేదవతి కత్తిపీట తీసి నేల మీద పెట్టింది, పక్కన గిన్నెలో మజ్జిగ. ఆయన తరగడమెలాగో తెలియని మనిషి. అయినా భుజాన సంచి దించి కూర్చున్నారు. ఆవిడ ఎదురుగా కూర్చుని మొదటి చక్రం తరిగి, పీచుని చూపుడువేలికి చుట్టి లాగి చూపించింది.

"ముందు ఇలా తరగండి" అంది. "చెబుతాను."